చూడనంత వరకూ దెబ్బ తగలనట్టే

మా మావగారు విజయవాడ నుంచి ఆరు నెలల వీసా మీద డాలస్ వచ్చి సరిగ్గా నాలుగు ఆదివారాలైంది, నాలుగు ఆదివారాలూ నా పక్కన సోఫాలో కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటూ అమెరికన్ ఫుట్‌బాల్ చూశారు, నాలుగో ఆదివారం నోరు విప్పారు. "అల్లుడుగారూ, ఈ ఆటలో బంతికి తగిలే దెబ్బల కంటే బుర్రలకి తగిలేవే ఎక్కువ ఉన్నాయేంటండీ?" ఆయన ఆర్టీసీలో డిపో మేనేజర్‌గా రిటైరయ్యారు, యాక్సిడెంట్ రిపోర్టులు రాసీ రాసీ ఏది చూసినా అదే చూపు. పెద్దాయన, పైగా పిల్లనిచ్చిన మావగారు, మొహం మీద ఎదురు చెప్పలేను కదా, అందుకని రాసుకుంటున్నా. ఎన్ఎఫ్ఎల్, అంటే ఈ ఆటని నడిపే లీగు, దాని మీద జనం వేసే నిందలన్నీ అన్యాయం. ఆటగాళ్ళ ఆరోగ్యం విషయంలో ఆ లీగు ముప్పై ఏళ్ళుగా ఒకే సిద్ధాంతం మీద నిలబడింది, అది చాలా లోతైన సిద్ధాంతం, మన వేదాంతులకి కూడా తట్టలేదు: దెబ్బ అనేది తగిలినప్పుడు తగలదు, ఎవరైనా చూసినప్పుడే తగులుతుంది.

1994లో లీగు ఒక కమిటీ వేసింది. పేరు మైల్డ్ ట్రామాటిక్ బ్రెయిన్ ఇంజురీ కమిటీ. ఆ "మైల్డ్" గమనించారా, మొదటి మీటింగ్‌కి కుర్చీలు వెయ్యకముందే దెబ్బ చిన్నదని తేల్చేశారు, టైమ్ వేస్ట్ ఎందుకని. సరే, మెదడు కమిటీకి ఛైర్మన్‌గా ఎవర్ని పెట్టాలి? న్యూరాలజిస్టుని పెడితే పోయిపోయి మెదడే చూస్తాడు, వాళ్ళకదో దురలవాటు. అందుకని ఇలియట్ పెల్‌మన్ అనే ఆయన్ని పెట్టారు, న్యూయార్క్ జెట్స్ టీమ్ డాక్టరు, స్పెషలైజేషన్ రుమటాలజీ, అంటే మన భాషలో కీళ్ళవాతం డాక్టరు. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం అని మనం ఇన్నాళ్ళూ వెటకారానికి వాడుకున్న సామెతని అక్షరాలా అమల్లో పెట్టి 2007 దాకా ఛైర్మన్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కమిటీ ఊరికే కూర్చోలేదు, వరసపెట్టి పేపర్లు రాసింది, కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) అయినవాడు అదే మ్యాచ్‌లో మళ్ళీ దిగినా పెద్ద ప్రమాదమేం లేదని కూడా రాసింది.

అంతా సాఫీగా పోతుంటే మధ్యలో ఒకాయన చూశాడు. బెన్నెట్ ఒమాలు అని, నైజీరియా నుంచి వచ్చిన డాక్టరు, పిట్స్‌బర్గ్‌లో కరోనర్ ఆఫీసులో శవపరీక్షలు చేసుకునే మనిషి, ఫుట్‌బాల్ మీద ఇంట్రెస్టే లేదు. స్టీలర్స్ టీమ్‌కి నాలుగు సూపర్ బౌల్స్ (లీగు ఫైనల్స్) ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో 50 ఏళ్ళకే పోతే ఆయన శవం ఈయన బల్ల మీదకొచ్చింది. మెదడు పైకి మామూలుగానే ఉంది. అక్కడితో చేతులు కడుక్కుని ఇంటికెళ్ళిపోవచ్చు కదా, వెళ్ళలేదు, ముక్కలు కోయించి, స్లైడ్లు చేయించి మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు, టావ్ అనే ప్రోటీన్ ముద్దలు ముద్దలుగా కనపడింది, సీటీఈ అనే జబ్బు, తలకి మళ్ళీ మళ్ళీ దెబ్బలు తగిలి మెదడు పాడయ్యేది, అని 2005లో పేపర్ రాశాడు. లీగు కమిటీ డాక్టర్లు ఆ పేపర్ వెనక్కి తీసుకోమని పత్రికకి ఉత్తరం రాశారు. గుమ్మడికాయల దొంగ సామెత గుర్తొచ్చినవాళ్ళు మనసులోనే ఉంచుకోండి.

తమాషా ఏంటంటే, లీగు రిటైర్మెంట్ బోర్డు 1999లోనే ఈ వెబ్‌స్టర్‌కి ఆటలో తలకి తగిలిన దెబ్బల వల్లే పూర్తి వైకల్యం వచ్చిందని ఒప్పుకుని డిజేబిలిటీ డబ్బులు శాంక్షన్ చేసింది. ఒక గదిలో అవును, పక్క గదిలో ఆధారాల్లేవు. ఇందులో తప్పేముంది, ఒక సెక్షన్ నుంచి పక్క సెక్షన్‌కి ఫైలు కదలడానికి ఎన్నేళ్ళు పడుతుందో మనకి తెలీదా.

పెల్‌మన్ గారి తర్వాత కమిటీ బాధ్యత తీసుకున్నవాళ్ళలో ఒకాయన ఐరా కాసన్. 2007లో టీవీ ఇంటర్వ్యూలో తల దెబ్బలకీ డిప్రెషన్‌కీ సంబంధం ఉందా, మతిమరుపుకీ సంబంధం ఉందా అని అడుగుతుంటే నో, నో అంటూ కూర్చున్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాళ్ళని చూశాం గానీ, ఈయన అసలు కుందేలే లేదన్నాడు. చివరికి 2016లో లీగు హెల్త్ అండ్ సేఫ్టీ పెద్ద జెఫ్ మిల్లర్ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కమిటీ ముందు, ఫుట్‌బాల్‌కీ సీటీఈ లాంటి మెదడు జబ్బులకీ సంబంధం ఉంది, తప్పకుండా ఉంది అనేశాడు. కమిటీ వేసిన 22 ఏళ్ళకి. తొందరపడ్డాడనే నా అభిప్రాయం.

ఎందుకంటే 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు 111 మంది మాజీ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళు చూస్తే 110 మందిలో సీటీఈ ఉంది. ఇవి అనుమానం ఉన్న కుటుంబాలు ఇచ్చిన మెదళ్ళు కాబట్టి అందరు ఆటగాళ్ళకీ ఇదే లెక్క కట్టకూడదని వాళ్ళే చెప్పారు, నిజమే, ఒప్పుకుంటా. కానీ ఆ 110లో ఒక కిక్కరూ ఒక పంటరూ కూడా ఉన్నారండీ, అంటే బంతిని కాలితో తన్నడమే పనిగా ఉన్నవాళ్ళు. పని కాలిది, జబ్బు తలది. కీళ్ళ డాక్టరుని పెట్టడం ఎంత ముందుచూపో ఇప్పటికైనా అర్థమైందా? పైగా సీటీఈని బతికుండగా ఖాయం చేసే పరీక్ష ఇంతవరకూ రాలేదు. ఖాయం కావాలంటే ఆటగాడు పోవాలి. నా సిద్ధాంతానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం నేను కూడా అడగను.

డబ్బు ఇవ్వలేదని మాత్రం అనొద్దు. 2012లో మెదడు పరిశోధనకి ప్రభుత్వ ఆరోగ్య సంస్థకి 3 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు, ఆ డబ్బుతో ఆ బోస్టన్ వాళ్ళే చూస్తారని తెలిసేసరికి మాత్రం కొంచెం ఇబ్బంది పడ్డారు, అంతే. తర్వాత మాజీ ఆటగాళ్ళు వేసిన దావాలో సెటిల్మెంటు కూడా చేసుకున్నారు, అందులో నాకు బాగా నచ్చిన క్లాజు ఒకటుంది. పరిహారం రావాలంటే ఆటగాడి బుర్ర ఎంత దెబ్బతిందో కొలవాలి కదా, కొలిచేటప్పుడు నల్లజాతి ఆటగాళ్ళకి మొదట్నుంచే బుర్ర కాస్త తక్కువ అనే లెక్కతో మొదలుపెట్టొచ్చట. మొదలే తక్కువైతే తగ్గింది కూడా తక్కువే, చెక్కు కూడా తక్కువే. లీగులో ఎక్కువమంది నల్లజాతివాళ్ళే. ఇద్దరు మాజీ ఆటగాళ్ళు 2020లో కోర్టుకెక్కాక, 2021లో ఈ లెక్క ఎత్తేస్తామని ఒప్పుకున్నారు. ఇక్కడ వెటకారం కూడా రావట్లేదు నాకు, ముందుకి పోదాం.

2010లో స్టీలర్స్ లైన్‌బ్యాకర్ జేమ్స్ హ్యారిసన్ క్లీవ్‌లాండ్ ఆటగాడి తలకి తగిలేలా గుద్దితే లీగు 75,000 డాలర్లు ఫైన్ వేసింది, క్రమశిక్షణ అంటే అదీ. అదే గుద్దు ఫోటో లీగు వెబ్‌సైట్‌లో అమ్మకానికి ఉందని ఎవరో చూశారు. చూశాక తీసేశారు. మళ్ళీ అదే, చూశాకే.

ఇక 2022 సెప్టెంబర్ 25. మయామి టీమ్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా, బఫెలోతో మ్యాచ్, తల నేలకి కొట్టుకుంది, లేచాడు, తల విదిలించుకున్నాడు, నాలుగడుగులు వేసి తూలి పడబోతే పక్కవాళ్ళు పట్టుకున్నారు. ఇది దేశమంతా చూసింది, మరి సిద్ధాంతం ప్రకారం దెబ్బ తగిలినట్టే కదా అంటారేమో, అక్కడే ఉంది గొప్పతనం, నడుము నొప్పి అన్నారు. సెకండాఫ్‌లో ఆడించారు. నాలుగు రోజుల తర్వాత గురువారం రాత్రి సిన్సినాటిలో మళ్ళీ పడ్డాడు, వేళ్ళు కొయ్యబారిపోయి, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. విచారణ చేసి లీగూ ప్లేయర్స్ యూనియనూ కలిసి ఏం తేల్చాయంటే, కంకషన్ ప్రోటోకాల్ అడుగడుగునా పాటించారు, ఫలితం మాత్రం అనుకున్నట్టు రాలేదు. అప్పుడు రూల్ మార్చారు, తూలితే ఇక ఆ రోజు ఆడకూడదని.

ఈ కథ చెప్తే మా మావగారు బజ్జీ పక్కన పెట్టేశారు. "మా డిపోలో డ్రైవరు డ్యూటీకొచ్చి ఒక్కసారి తూలితే గొట్టం ఊదించి బండి దింపేసేవాళ్ళమండీ, నడుము నొప్పి సార్ అని వాళ్ళూ అనేవాళ్ళు." ఆయనకి ఆర్టీసీకీ, ఏడాదికి వేల కోట్ల డాలర్ల వ్యాపారానికీ తేడా తెలీదు, పాపం.

(మూడు నెలలకి అదే సిన్సినాటి మైదానంలో బఫెలో ఆటగాడు డామర్ హామ్లిన్ గుండె ఆగిపోతే అక్కడున్న వైద్య సిబ్బంది అక్కడికక్కడే సీపీఆర్ చేసి మనిషిని నిలబెట్టారు. అది మాత్రం చేతులెత్తి దండం పెట్టాల్సిన పని, ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు.)

మిగతా చర్యలు కూడా తక్కువేం కాదు. హెల్మెట్ మీద తొడుక్కోడానికి మెత్తటి గార్డియన్ క్యాప్ ఇచ్చారు, అది పెట్టుకుంటే గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయలా ఉంటుంది గానీ మంచిదే. ఆరోగ్యం మీద అంత శ్రద్ధ కాబట్టే 2021లో 16 మ్యాచ్‌ల సీజన్ని 17 చేశారు, ఇప్పుడు 18 అంటున్నారు, వ్యాయామం ఎంత చేస్తే అంత మంచిది కదా. ప్లాస్టిక్ గడ్డి మీద కాళ్ళు విరుగుతున్నాయి, నిజం గడ్డి వెయ్యండి బాబూ అని ఆటగాళ్ళ యూనియన్ మొత్తుకుంటూనే ఉంది. మా పక్కన ఆర్లింగ్టన్ స్టేడియంకి 2026 సాకర్ వరల్డ్ కప్ మ్యాచ్‌లు వస్తే మాత్రం ఫీఫా అడిగిందని నిజం గడ్డి తెప్పించాల్సిందే. అతిథులు కదా, ఇంట్లోవాళ్ళదేముంది, చాప మీద పడుకుంటారు.

ఇదంతా రాస్తుండగా మావాడు బ్యాగ్‌లోంచి ఒక కాగితం తెచ్చి ల్యాప్‌టాప్ మీద పెట్టాడు. సెవెంత్ గ్రేడ్, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరతాట్ట, టెక్సాస్‌లో పుట్టాక తప్పుతుందా. కంకషన్ గురించి ఇందులో ఉన్నదంతా చదివాను, అర్థం చేసుకున్నాను అని పేరెంట్ సంతకం చెయ్యాలి. కింద గీత కనపడింది, పెన్ను తీశాను. మావగారు జేబులోంచి తన కళ్ళజోడు తీసి నా ముందు పెట్టారు.

"వద్దండీ మావయ్యగారూ, నాకు చూపు బానే ఉంది."

"అదేనండీ, నేనూ అదే అనుకుంటున్నా" అని, కళ్ళజోడు అక్కడే వదిలేసి లోపలికెళ్ళిపోయారు.