రెప్ప వేస్తేనే పింఛన్

ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం అమ్మాయి మా పాతూరు సందులోకి వచ్చింది, అవ్వకు పింఛన్ ఇవ్వడానికి. వేలిముద్ర పడలేదు. ఐరిస్ కూడా పడలేదు. శనక్కాయలు ఒలిచి ఒలిచి అవ్వ వేళ్ల మీద గీతలు ఏనాడో అరిగిపోయాయి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆ కళ్లను మిషన్ గుర్తుపట్టడం మానేసింది. ఇక మిగిలింది ముఖం. ఆ అమ్మాయి ఫోన్‌ను అవ్వకు ఎదురుగా పట్టుకుని, "అవ్వా, ఒకసారి కన్నార్పు" అంది.

అవ్వ ఆర్పలేదు.

ఈ రెప్ప గొడవ ఎందుకంటే, మనిషికి బదులు ఆ మనిషి ఫొటో చూపించి ఎవరూ డబ్బులు ఎత్తుకుపోకూడదని. ఫొటో రెప్ప వేయదు కదా. ఆలోచన మంచిదే, కాదనను. ఉపాధి హామీ పనుల్లో ఫొటోకి ఫొటో తీసి హాజరు వేసేస్తున్నారని 2025లో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. ఆ పథకం మొదలైందే మా అనంతపురం జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. పథకం పుట్టింది మా ఊళ్ల దగ్గరే అయినా, ఈ తెలివితేటలు మాత్రం దేశమంతా పంచుకుంది.

కానీ మా అవ్వకు కెమెరా ముందు తెలిసిన రూలు ఒక్కటే: కన్నార్పకూడదు. చిన్నప్పుడు స్టూడియోలో నేర్పారు. పెళ్లిళ్లలో నేర్పారు. ఆఖరికి ఆధార్ ఫొటో తీసిన రోజు కూడా ఆ అబ్బాయి "కన్నార్పొద్దవ్వా, మళ్లీ తీయాల" అని విసుక్కుంటే, ఈమె కళ్లల్లో నీళ్లు కారేదాకా బిగబట్టి కూర్చుంది. అప్పుడు ఆర్పొద్దన్న ఆధారే ఇప్పుడు ఆర్పమంటే ఎట్లా నమ్మేది? ఆ అమ్మాయి ఆర్పమన్న కొద్దీ అవ్వ కళ్లు ఇంకా పెద్దవవుతున్నాయి.

"ఆర్పవ్వా!"

"ఆర్పితే ఫొటో చెడిపోతుంది తల్లీ."

అప్పుడు నేను రంగంలోకి దిగాను. చెప్తే వినేలా లేదు, చేసి చూపిస్తే చేస్తుందేమోనని ఆ అమ్మాయి వెనకాల నిలబడి, భుజం మీదుగా అవ్వను చూస్తూ రెప్పలు ఆర్పడం మొదలుపెట్టాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెప్ప వేయడం అనేది దాని మానాన అది జరిగిపోయే పని. దాన్ని కావాలని, ఒకరికి చూపించడానికి చేయబోతే ముఖమంతా వచ్చి సాయం చేస్తుంది. బుగ్గలు పైకి లేస్తాయి, మూతి పక్కకు పోతుంది, కనుబొమలు అడక్కుండానే దూకుతాయి. అవ్వకు చూపు తక్కువ కాబట్టి నేను ఇంకొంచెం పెద్దగా ఆర్పాను. ఆమె ఉలకలేదు. అద్దాల్లేకుండా నాకే సరిగా కనబడదు, ఆమెకు కనబడుతోందో లేదో ఏం తెలుస్తుంది? రెండు కళ్లూ ఒకేసారి ఆర్పితే కనిపెట్టలేకపోతోందేమో, ఒకటి తెరిచిపెట్టి ఒకటే మూస్తే తేడా తెలుస్తుంది కదా అనిపించింది. బళ్లో పిల్లలకు పాఠం అర్థం కాకపోతే మేం చేసేది అదే, విడగొట్టి చెప్పడం. కాబట్టి ఎడమ కన్ను తెరిచే ఉంచి, కుడి కన్ను మెల్లగా, స్పష్టంగా, ఆఖరున కాస్త నొక్కి మూశాను.

సరిగ్గా ఆ నొక్కు దగ్గర ఆ అమ్మాయి, "సార్, మీరన్నా చెప్పండి" అంటూ వెనక్కి తిరిగింది.

లుంగీ కట్టుకున్న ప్రైవేటు స్కూలు లెక్కల సారు, వయసులో ఆమెకు చిన్నాన్నలాంటివాణ్ని, మూరెడు దూరంలో కన్ను మూసి నిలబడ్డాను. తెరవడానికి కూడా భయమేసింది. తెరిస్తే అది పూర్తిగా కన్ను కొట్టినట్టు అవుతుంది. మూసి ఉంచితే ఇంకా కొడుతూనే ఉన్నట్టు అవుతుంది.

"మా అవ్వకమ్మా..." అన్నాను.

"అవ్వకా సార్?"

ఎదురింటి అరుగు మీద పింఛన్ కోసం కూర్చున్న అత్త ఇదంతా మొదట్నుంచీ చూస్తోంది. "ఏమప్పా, కంట్లో నలుసు పడిందా?" అని సందంతా వినబడేలా అడిగింది. నలుసే పడిందని చెప్పాను. ఆ మాట నేనే నమ్మలేదు.

ఇంతలో ఫోన్ 'సక్సెస్' అంది. అవ్వ ఎప్పుడు ఆర్పిందో మాలో ఎవరూ చూడలేదు. ఫోన్ ఒక్కటే చూసింది. నాలుగు వేలు లెక్కపెట్టుకుంటూ అవ్వ, "రెండొందలు ఇచ్చే కాలంలో ఇట్లా ఆటలు ఆడించలేదు" అని గొణిగింది. తర్వాత లేచి వెళ్లి ఫ్యాన్ ఆపేసింది. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటితే పింఛన్ తీసేస్తారని ఎవరో చెప్పినప్పటి నుంచి ఇంట్లో స్విచ్చులన్నీ ఆమె చేతిలోనే. అనంతపురం ఎండల్లో మేమంతా చెమటలు కక్కుతూ ఆమె అర్హత కాపాడుతున్నాం.

జరిగింది ఫోన్లో మా బావతో చెప్తే నవ్వి, "దొంగ పింఛన్లు ఏరాలంటే ఆ మాత్రం ఉండాల్లే బావా" అని నాకు నీతులు. ఆయనింట్లో మూడు ఏసీలు, ముగ్గురి పేర్ల మీద మూడు మీటర్లు. కారుకు పసుపు బోర్డు, ఎందుకంటే ట్యాక్సీ అయితే లెక్కలోకి రాదు. వాళ్లమ్మ ముఖం మొదటిసారికే ఫోన్‌లో పడుతుందట. పడదా మరి! ఆ ఇంట్లో అందరూ అన్నిటికీ కళ్లు మూసుకోవడం బాగా అలవాటైనవాళ్లే.

వెళ్లేముందు ఆ అమ్మాయి నాకు చెప్పలేదు. మజ్జిగ తెచ్చిన మా ఆవిడ చేతిలోంచి గ్లాసు అందుకుంటూ, "వచ్చే నెల ఒకటో తారీకు మీరు కూడా ఇక్కడే ఉండండక్కా" అంది.