మొహమాటం గారికో విన్నపం

మొహమాటం గారికి,

పెళ్లి మాటలు ఎక్కడ నడిచినా ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చునేది మీరేనని తెలిసి రాస్తున్నాను. మీ పనితనం అమోఘం. పెళ్లికి సిద్ధమైన ఇద్దరు జీతాలు చెప్పుకుంటారు, అప్పులు చెప్పుకుంటారు, పాత ప్రేమలైతే కన్నీళ్లు పెట్టుకుని మరీ చెప్పుకుంటారు. “ఒకసారి తలసేమియా, సికిల్ సెల్ పరీక్ష చేయించుకుందామా?” అని, తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు సంక్రమించే ఆ రక్తపు జబ్బుల మాట ఎత్తబోతే మాత్రం మీరు గొంతుకు అడ్డం పడతారు.

చదువుకున్నవారంటే మీకు మరీ మక్కువ. బడిలో వంశపారంపర్యం పాఠంలోని మెండెల్ బఠాణీల లెక్కకు పూర్తి మార్కులు తెచ్చుకున్నవారే కదా వీరంతా! ఇద్దరు వాహకులు (జబ్బు లేకున్నా దాని జన్యువును మోసేవారు) జత కడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతమని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ బఠాణీ తామే కావచ్చని మాత్రం తోచదు. వాహకులు చూడటానికి నిక్షేపంగా ఉంటారు మరి. (మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ రాదని లెక్క తేల్చే మేధావులూ లేకపోలేదు.)

పోనీ, రక్తపరీక్ష రిపోర్టు చేతికొచ్చిందనుకుందాం. హిమోగ్లోబిన్ 11, ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) 66, అంటే కణాలు బాగా చిన్నవి; ఎర్రకణాల సంఖ్య మాత్రం మామూలు కన్నా ఎక్కువ. వాహకులేమో చూసుకోండని కాగితం నెత్తీనోరూ కొట్టుకుంటోంది. మీరేమో “కాస్త రక్తం తక్కువ, ఐరన్ మాత్రలు మింగితే సరి” అంటారు. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష) చేయించి, తలసేమియా వాహకుల్లో పెరిగే హిమోగ్లోబిన్ ఏ2 రకం 3.5 శాతం దాటిందేమో చూద్దామంటే “పెళ్లి కానివ్వండి” అంటారు. పెళ్లయ్యాక “బిడ్డ పుట్టనివ్వండి” అంటారు. బిడ్డ పుట్టాక మీ జాడే ఉండదు. తలసేమియా మేజర్ (ఆ జబ్బు తీవ్రరూపం) ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దాంతోపాటు గుండెలో, కాలేయంలో పేరుకునే ఇనుమును దించే మందులు వాడాలి. ఆ వార్డు ముందు తల్లిదండ్రులు ముక్కూమొహం తెలియని వారిని సైతం రక్తం అడుగుతారు. అక్కడ మీరు ఎవరికీ గుర్తుకు రారు.

మీ ఆటలు సాగని చోట్లూ ఉన్నాయి. సైప్రస్‌లో 1983 నుంచి చర్చి పెళ్లికి ముందు పరీక్ష పత్రం అడుగుతోంది. ఫలితం ఏమిటన్నది ఆ జంటకే వదిలేస్తుంది. ఇరాన్‌లో 1997 నుంచి దేశమంతటా పరీక్ష చేస్తున్నారు. అక్కడ ముందు వరుడే చెయ్యి చాపాలి. అతడి ఎర్రకణాలు చిన్నవని తేలితేనే వధువు వంతు. ఆ నియమం చదివి మీకు తలకొట్టేసినంత పని అయి ఉంటుంది!

ఇద్దరూ వాహకులని తేలితే పెళ్లి ఆగిపోతుందన్నది మీరు పుట్టించిన పుకారు. చేసుకోవచ్చు, గర్భం దాల్చిన మూడో నెలలోనే పిండానికి పరీక్ష ఉంది. ముందే తెలిస్తే కదా అది చేయించుకునేది?

కాబట్టి ఈ ఒక్క ప్రశ్న దగ్గర నుంచి లేచి వెళ్లండి. మీకు పని లేకుండా పోదు. పెళ్లయిన నెలకే “విశేషమేమైనా ఉందా?” అని ఆరా తీసే బంధువులున్నారు. ఒక్కసారైనా వారి పక్కన కూర్చోండి.

ఇట్లు,
పెళ్లీడుకొచ్చిన ఒకడు