సైకాలజీ ఎత్తేసి కౌన్సెలింగ్ బోర్డా?

విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల ఈ ఏడాది బీఏ సైకాలజీని ఎత్తేసింది. అడ్మిషన్లు రావడం లేదట. ఉన్న ఒక్క లెక్చరర్‌ను వేరే దారి చూసుకోమన్నారు. అదే యాజమాన్యం, అదే ఆవరణలోని తన జూనియర్ కాలేజీ మెట్ల పక్కన ‘స్టూడెంట్ కౌన్సెలింగ్ సెంటర్’ అని కొత్త బోర్డు పెట్టింది. ఆ గదిలో కూర్చోబెట్టింది కామర్స్ లెక్చరర్‌ను. ఆయనకు కొన్ని పీరియడ్లు ఖాళీ ఉండటమే అర్హత. ఆ మాస్టారి మీద మాకేమీ కోపం లేదు, చెప్పిన పని చేస్తున్నారు. ఈ రెండు నిర్ణయాలనూ ఏమాత్రం మొహమాటం లేకుండా తీసుకున్న వాళ్ల మీదే మా కోపమంతా.

ఆ బోర్డు ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలని, వాళ్లు పిల్లల, కౌమార దశలోని వారి మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొంది ఉండాలని చెప్పింది. చట్టం వచ్చే వరకు ఇవే అమలవుతాయని కూడా చెప్పింది. కోర్టు అడిగింది శిక్షణ ఉన్న మనిషిని. మనవాళ్లు పెట్టింది బోర్డును.

కాలేజీల వాదనా ఉంది. పట్టుమని పది మంది కూడా చేరని కోర్సుకు లెక్చరర్‌ను పెట్టి జీతమివ్వడం కష్టమంటున్నారు. నిజమే కావచ్చు. కానీ ‘డిమాండ్ లేదు’ అనే మాట ఎవరి నోట వస్తోందో చూడాలి. కౌమార దశలోని పిల్లలను వేల సంఖ్యలో హాస్టళ్లలో పెట్టుకుని నడిచే ఊరు మనది. కానూరు, పోరంకి, నిడమానూరు, గూడవల్లి వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా రెసిడెన్షియల్ క్యాంపస్‌లే. గుంటూరులోనూ ఇంతే. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసు మీద ఇంత డబ్బు సంపాదిస్తున్న చోట, ఆ వయసు గురించి చదివే కోర్సుకు డిమాండ్ లేదంటే నమ్మాలా?

ఆ కోర్సులో అసలేముంటుందో యాజమాన్యాలు ఒక్కసారైనా చూశాయా అని మా అనుమానం. మానవ వికాసం పేపర్ తల్లి కడుపులో మొదలై వృద్ధాప్యంతో ముగుస్తుంది. మొదటి ప్రాక్టికల్స్‌లోనే, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే చెప్పిన నీళ్ల గ్లాసుల ప్రయోగం వస్తుంది. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒక గ్లాసులోని నీళ్లను పిల్లాడి కళ్ల ముందే సన్నటి పొడుగు గ్లాసులోకి వంపుతారు. దేంట్లో ఎక్కువున్నాయని అడిగితే నాలుగైదేళ్లవాడు పొడుగు గ్లాసునే చూపిస్తాడు. ఏడెనిమిదేళ్లకు అదే పిల్లాడు ‘అవే నీళ్లు కదా’ అని నవ్వుతాడు. మధ్యలో దీనికి ఎవరూ ట్యూషన్ చెప్పరు. వయసు వస్తే ఆలోచనే మారుతుంది. వీధిలోని అంగన్‌వాడీలో ఈ ప్రయోగం చేసి చూసిన డిగ్రీ విద్యార్థి, రేపు తల్లో తండ్రో అయ్యాక యూకేజీ పిల్లాడికి లెక్కలు రావడం లేదని వీపు విమానం మోత మోగించడు.

అసలు సంగతి కౌమారం దగ్గర వస్తుంది. ‘నేనెవరు, ఏమవుతాను’ అని తేల్చుకోవడమే ఈ వయసు చేసే పని అని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లోనే రాశాడు. ఆ తేల్చుకోవడానికి సమాజం పిల్లలకు కొంత గడువు ఇవ్వాలని, నాలుగు దార్లూ చూసి తప్పులు చేసి సర్దుకునే వీలుండాలని చెప్పాడు. 1966లో జేమ్స్ మార్షియా అనే మరో మనస్తత్వవేత్త ఇంకో అడుగు ముందుకేశాడు. ఏ వెతుకులాటా లేకుండా, పెద్దలు చెప్పిందే తన లక్ష్యమని ఖాయం చేసుకున్న యువకులను ఒక ప్రత్యేక కోవగా గుర్తించాడు. పైకి వీళ్లకు ఏ అయోమయమూ ఉండదు, గురి కుదిరినట్టే కనిపిస్తారు. సొంతంగా వెతుక్కున్నది మాత్రం ఏమీ ఉండదు.

మన దగ్గర ఈ కోవలోకి రాని పిల్లలెంతమంది? టెన్త్ పరీక్షలు రాయకముందే ఎంపీసీనా బైపీసీనా అనేది ఇంట్లో తేలిపోతుంది. పీఆర్వోలు ఇంటికొచ్చి సీటు రిజర్వ్ చేసుకుపోతారు. జూన్‌లో ట్రంకు పెట్టెతో హాస్టల్‌లో దింపుతారు. తెల్లవారుజామున లేపితే రాత్రి స్టడీ అవర్ అయ్యే దాకా పిల్లాడికి తనదంటూ అరగంట ఉండదు. ఎరిక్సన్ చెప్పిన గడువు ఇక్కడ ఆదివారం ఔటింగ్‌కు పరిమితం, వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గితే అదీ కట్. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయొద్దని సుప్రీంకోర్టు చెప్పింది. స్టార్ బ్యాచ్‌లు ఆగాయా? 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ అంకె చూపించి కన్నీళ్లు పెట్టుకునే సభల్లో ముందు వరుసలో కూర్చునేదీ ఈ యాజమాన్యాలే. సైకాలజీ గది తాళం జేబులో వేసుకుని విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద సెమినార్ పెట్టడానికి చాలా ధైర్యం కావాలి.

ఈ రెండు నాల్కల ధోరణి కాలేజీలతో ఆగలేదు. ఇదే పియాజే, ఇదే ఎరిక్సన్, నైతిక వికాసం గురించి చెప్పిన కోల్‌బర్గ్ మన రాష్ట్రంలో లక్షల మందికి నోటికి వచ్చు. టెట్‌లో శిశు వికాసానికి 30 మార్కులున్నాయి మరి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు అవనిగడ్డ నుంచి గుంటూరు దాకా కోచింగ్ సెంటర్లలో ఈ పేర్లే మంత్రాల్లా మార్మోగాయి. ఏ దశ ఏ వయసులో అంటే టక్కున చెప్తారు. ఎదురుగా కూర్చున్న పిల్లాడు ఏ దశలో ఉన్నాడంటే తెల్లమొహం వేస్తారు. బిట్లకు పనికొచ్చినంత కాలం మనకు సైకాలజీ కావాలి, మనిషిని చూడటం నేర్పే కోర్సుగా మాత్రం వద్దు.

ఇక మానవ వికాసం పేపర్ రెండో సగం, అంటే నడివయసు, వృద్ధాప్యం. సెమిస్టర్ చివర టైం చాలక చాలా చోట్ల వదిలేసేది దీన్నే. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు కాబట్టి, ఎదుగుదల అంతా పిల్లప్పుడే అయిపోతుందని గట్టి నమ్మకం. పాల్ బాల్టెస్ లాంటి మనస్తత్వవేత్తలు ఆ నమ్మకాన్నే ప్రశ్నించారు. ఎదుగుదల చివరి దాకా సాగుతుందని, ప్రతి వయసులోనూ కొంత వస్తుంది, కొంత పోతుందని అన్నారు. అమెరికాలోని సియాటిల్‌లో 1956లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు సాగిన అధ్యయనంలో తేలిందేమిటంటే, చురుకుదనం ముందుగా తగ్గినా, పదసంపద లాంటి సామర్థ్యాలు అరవైల దాకా నిలబడతాయి.

ఈ పాఠం మనకు అక్కర్లేదా? రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు 1.7కు పడిపోయిందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వృద్ధుల జనాభా పెరుగుతోంది, ఎక్కువ మంది పిల్లల్ని కనండని 2024లో సాక్షాత్తూ ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధననూ ఎత్తేశారు. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు మొగల్రాజపురంలోనో బ్రాడీపేటలోనో ఫ్లాట్‌లో ఉండటం ఇక్కడ మామూలైపోయింది. సోఫా పక్కన వారానికి సరిపడా మాత్రల డబ్బా, టీపాయ్ మీద చార్జింగ్‌లో ఫోను, అక్కడ తెల్లవారే వేళ చూసుకుని వీడియో కాల్ కోసం ఎదురుచూపు. సైకాలజీ విద్యార్థి కేస్ స్టడీ కోసం ఆ పెద్దావిడ ఎదురుగా గంట కూర్చుంటే ఇద్దరికీ మేలే. వృద్ధులు పెరుగుతున్నారని వేదికల మీద ఆందోళన పడే రాష్ట్రం, వార్ధక్యం గురించి చెప్పే తరగతి గది మూతపడుతుంటే కిక్కురుమనదు.

కోర్సు ఇప్పుడు నడుస్తున్న తీరు గొప్పగా ఉందని మేం అనడం లేదు. సీనియర్ రికార్డు చూసి జూనియర్ రాయడం, ఒకే పిల్లాడి వయసూ అలవాట్లూ మూడు బ్యాచ్‌ల రికార్డుల్లో మారకుండా ఉండటం ఎరుగనివి కావు. బాగు చేయాల్సింది అది. దానికి విరుగుడు తాళం కాదు.

పైగా ఇప్పుడు వేరే దారి కూడా లేదు. 2025 విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. మంచి పనే. కానీ దాంతో రెగ్యులర్ కాలేజీలే దిక్కయ్యాయి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్‌కు రేపు ఫోన్ ఎత్తాల్సిన వాళ్లు, ప్రతి కాలేజీలో కోర్టు ఉండమన్న కౌన్సెలర్లు ఎక్కడి నుంచి ఊడిపడతారు? ఒక యాజమాన్యం కోర్సు ఎత్తేసి బోర్డుతో నెట్టుకొచ్చిందంటే, పక్క కాలేజీ వాళ్లు నేర్చుకునేది కూడా అదే.

తల్లిదండ్రుల సంగతీ చెప్పుకోవాలి. అడ్మిషన్ రోజున ఏసీ గదా నాన్ ఏసీనా, నిరుడు ఎన్ని ర్యాంకులు అని అడుగుతారు. మీ కౌన్సెలర్ ఏం చదివారు అని అడిగిన తండ్రిని ఎవరైనా చూశారా? కౌన్సెలింగ్ పేరుతో ఫీజులో ఒక్క రూపాయి వసూలు చేసినా, అర్హత లేని మనిషిని చూపించి చేస్తే అది మోసం. అడగడం మీ హక్కు, అడగకపోవడం మీ తప్పు.

ఇంటర్ బోర్డు అధికారులూ, మీకూ ఈ మాట వర్తిస్తుంది. అఫిలియేషన్ రెన్యూవల్‌కు ఫైర్ ఎన్‌ఓసీ అడుగుతారు, శానిటరీ సర్టిఫికెట్ అడుగుతారు. కౌన్సెలర్ డిగ్రీ సర్టిఫికెట్ కూడా అడగండి. చూసి, ఆ వ్యక్తితో మాట్లాడి, అప్పుడు సంతకం పెట్టండి. గదిలో ఎవరున్నారో తెలిసీ కళ్లు మూసుకుని సంతకం చేసేవాళ్లు, రేపు ఏ హాస్టల్‌లోనో ఏదైనా జరిగినప్పుడు విచారణ కమిటీ వేస్తున్నామంటూ మైకుల ముందుకు రావద్దు.