కళ్లద్దాల చీటీతో ఆగిపోతున్న పరీక్ష

కంటి వైద్యంలో హైదరాబాద్‌కు ఉన్న పేరు చిన్నది కాదు. 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, మెహిదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ ఆసుపత్రి ఇక్కడే ఉన్నాయి. జిల్లాల నుంచి బిడ్డను ఎత్తుకొచ్చే తల్లిదండ్రులు చాలాసార్లు ముందు తొక్కే గడప కంటి ఆసుపత్రిదే. ఆ గడప దగ్గరే దొరకాల్సిన పుట్టుక జబ్బులు, కణాల్లో వ్యర్థాలు పేరుకునే అరుదైన జబ్బులు కొన్ని జారిపోతున్నాయన్నది నా అభిప్రాయం.

కణాల్లోని వ్యర్థాలను విడగొట్టే ఎంజైమో, ఆ పనికి కావాల్సిన మరో ప్రోటీనో పుట్టుకతోనే లోపిస్తే, ఆ పదార్థం మెదడులోనూ కంటిలోనూ పేరుకోవచ్చు. 1881లో వారెన్ టే అనే బ్రిటిష్ కంటి డాక్టర్ ఒక పసిబిడ్డ రెటీనా (కంటి లోపలి తెర) నడుమ ఎర్రటి చుక్క చూశారు. నిజానికి అక్కడ కొత్తగా ఎర్రబడిందేమీ లేదు. చుట్టూ ఉన్న నాడీకణాలు కొవ్వు పదార్థంతో నిండి తెల్లబారాయి. నట్టనడుమ ఆ కణాలు ఉండవు కాబట్టి వెనక పొర ఎరుపు అలాగే కనబడుతుంది. తర్వాత టే-శాక్స్ అని పేరు పడిన ఈ జబ్బును ముందు పసిగట్టింది కంటి డాక్టరే.

అన్నీ అంత స్పష్టంగా కనిపించవు. హర్లర్ అనే జబ్బున్న పిల్లల్లో నల్లగుడ్డు మసకబారుతుంది. నీమన్-పిక్ సి అనే మరో జబ్బులో చూపు బాగానే ఉంటుంది కానీ కళ్లను చటుక్కున పైకీ కిందికీ తిప్పలేరు, మెట్లు దిగుతూ తడబడతారు. ఇంట్లో మాత్రం ‘చూసుకుని నడవవేం’ అని తిట్లు. బాటెన్ జబ్బులో సీఎల్‌ఎన్3 రకమైతే మరీ మోసం చేస్తుంది. బడికెళ్లే వయసులో బోర్డు కనిపించడం లేదంటారు, అద్దాలు రాస్తారు, మళ్లీ మారుస్తారు. ఫిట్స్ వచ్చేది ఏళ్ల తర్వాత. అద్దాలతో చూపు మెరుగుపడని బిడ్డకు, వెలుతురుకు రెటీనా ఎలా స్పందిస్తుందో కొలిచే ఈఆర్‌జీ పరీక్ష చేస్తే రెటీనా పనిచేయడం లేదని తెలుస్తుంది. అక్కడి నుంచి జన్యు విభాగానికి పంపడం డాక్టర్ గుర్తుంచుకుంటే జరిగే పనిగా కాక, తప్పనిసరి నియమంగా ఉండాలి. నిమ్స్ ఆసుపత్రి, ఉప్పల్‌లోని జన్యు పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన జబ్బుల జాతీయ కేంద్రంగా పనిచేస్తున్నాయి. అంటే పంపడానికి చోటు నగరంలోనే ఉంది.

మందే లేనప్పుడు పేరు తెలిసి ఏం లాభం అంటారు. నిజమే, అరుదైన జబ్బుల చికిత్సకు ఇచ్చే సాయాన్ని కేంద్ర ప్రభుత్వం 2022లో 50 లక్షల రూపాయల దాకా పెంచినా వీటిలో చాలావాటికి కొనడానికి మందు లేదు. బాటెన్‌లోనే మరో రకమైన సీఎల్‌ఎన్2కి 2017లో అమెరికాలో అనుమతి పొందిన మందును రెండు వారాలకోసారి నేరుగా మెదడులోని ద్రవంలోకి ఎక్కించాలి. అది నడక పోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, రెటీనాను కాపాడదు. అయినా పేరు తెలియాలి. హర్లర్ బిడ్డకు కంటి ఆపరేషన్ చేయాలంటే మత్తు ఇవ్వడమే పెద్ద ప్రమాదం, మత్తిచ్చే డాక్టర్‌కు ముందే తెలిసుండాలి. ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వచ్చేవి. ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు. మేనరికాల్లో ఇవి ఎక్కువ, అయినా నింద కోడలి మీదకే పోతుంది. లోపం ఏ జన్యువులో ఉందో తేలితే మలి కాన్పుకు తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకోవచ్చు.

చూపు పోతున్న సీఎల్‌ఎన్3 పిల్లలకు నేర్చుకునే శక్తి ఇంకా కొన్నేళ్లు మిగిలి ఉంటుంది. బ్రెయిలీ మొదలుపెట్టాల్సింది అప్పుడే. ఆ ఏళ్లే ఇప్పుడు అద్దాలు మార్చడంలో గడిచిపోతున్నాయి.