నొప్పి వచ్చిందా? అభినందనలు!

కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ బల్లకి ఆనించి, పళ్ళు బిగించి, 'అమ్మా' అనుకుంటూ సగం దాకా వచ్చాను. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఆ మాట వినబడింది. "నొప్పులా? సూపర్ అండీ! అంటే పనిచేస్తోందన్నమాట!"

పంటి నొప్పి వచ్చినవాడికి ఎవరూ షేక్‌హ్యాండ్ ఇవ్వరు. తలుపు సందులో చెయ్యి పడితే 'శభాష్, వేళ్ళు ఎదుగుతున్నాయి' అనరు. జిమ్ముకెళ్ళి ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి మాత్రం అడుగడుగునా అభినందనలే.

పైగా ఈ నొప్పి మహా నంగనాచి. వ్యాయామం చేసిన సాయంత్రం కిక్కురుమనదు. మనం అద్దం ముందు నిలబడి 'ఓస్, ఇంతేనా' అనుకునేదాకా ఆగుతుంది. 12 నుంచి 24 గంటలు గడిచాక మెల్లగా మొదలై, రెండో రోజో మూడో రోజో విశ్వరూపం చూపిస్తుంది.

నాకు ఆ దర్శనం కమోడ్ ముందు దొరికింది. నిలబడి వెనక్కి తిరిగి చూసుకున్నాను. దూరం మహా అయితే మూరెడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆలోచించకుండా చేసిన ప్రయాణం. ఇప్పుడు ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కుళాయి పట్టుకుని, పిరుదుల్ని అంగుళం కిందికి దించాను. తొడలు ఒప్పుకోలేదు. బతిమాలాను. ఇంకో అంగుళం. ఆ తర్వాత చర్చలు విఫలమయ్యాయి. మిగతా దూరం న్యూటన్‌కి వదిలేసి కూలబడ్డాను. కూర్చున్నాక తెలిసిందేమిటంటే, దీనికి రెండో భాగం కూడా ఉంది: లేవడం. అప్పుడే అవతల గదిలో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఎవరో, ఏం పనో, ఇప్పటికీ నేను తిరిగి చేయలేదు.

మెట్లు ఎక్కడం ఎలాగోలా అయింది. దిగడమే ఎండ్రకాయలా పక్కకి తిరిగి దిగాను. ఇందులో న్యాయం ఉంది లెండి. కండరం బరువు మోస్తూనే సాగాల్సి వచ్చినప్పుడే ఎక్కువ దెబ్బ తింటుంది. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు, డంబెల్ మెల్లగా దించేటప్పుడు, వాలులో కిందికి పరుగెత్తేటప్పుడు జరిగేది ఇదే. మనం ఎత్తినందుకు ఫొటో దిగుతాం, దించినందుకు మూల్గుతాం.

ఇక లాక్టిక్ యాసిడ్ పండితులు. ప్రతి జిమ్ములోనూ ఒకరుంటారు. "యాసిడ్ పేరుకుపోయిందండీ, స్ట్రెచ్ చేస్తే కరిగిపోతుంది." అయ్యా, శ్రమపడే కండరంలో పుట్టే ఆ యాసిడ్ తాలూకు లాక్టేట్ వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లో మామూలు స్థాయికి దిగిపోతుంది. దొంగ నిన్న రాత్రే రైలెక్కి ఊరు దాటితే, ఇవాళ జరిగిన దొంగతనం వాడి నెత్తిన రుద్దితే ఎలా? కండరం లోపలి చిరుగులే కారణం కావచ్చని థియొడోర్ హఫ్ అనే అమెరికన్ శరీరశాస్త్రవేత్త 1902లోనే రాశాడు. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ కబురు మా పండితుడికి అందలేదు. ఆ స్ట్రెచింగ్ సంగతీ అంతే. ముందు చేసినా, తర్వాత చేసినా ఈ నొప్పి తగ్గేది నామమాత్రమే.

అసలు తమాషా ఇంకోటి. అదే వ్యాయామం కొద్ది రోజులాగి మళ్ళీ చేస్తే నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. కండరం తట్టుకోవడం నేర్చుకుందన్నమాట. కానీ 'నొప్పి ఉంటేనే ఫలితం' సిద్ధాంతం ప్రకారం బలపడిన కండరం ఫెయిలైనట్టు! అందుకే మా ట్రైనర్ వారం వారం కొత్త హింస కనిపెడతాడు. మనం కుంటితేనే ఆయనకు తృప్తి.

ఇక్కడే నాకు నవ్వు రాదు. మొన్న ఓ కుర్రాడు మొదటిరోజు వచ్చాడు. మా ట్రైనర్ వాడితో లెక్కలేనన్ని స్క్వాట్లు తీయించి, కాళ్ళు వణుకుతుంటే వీడియో తీసి, "ఇంకో ఇరవై! నొప్పే మగతనం!" అని అరిచాడు. ఎవడిచ్చాడు నీకు ఆ హక్కు? అరుదే కావచ్చు, శక్తికి మించి పిండితే కండరం కుప్పకూలి, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీయొచ్చు. రాబ్డోమయోలిసిస్ అంటారు. కాళ్ళు వాచి, బలం పోయి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది 'పనిచేయడం' కాదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి. అది చెప్పడం చేతకాదు గానీ అరవడం వచ్చు. మొదటిరోజు కొంచెం తక్కువ చేయించడానికి నీ సొమ్మేం పోయింది?

సరే. ఇదంతా కూర్చునే రాశాను. ఇప్పుడు లేవాలి. ఎవరైనా కాస్త చెయ్యందిస్తే సంతోషం. సూపర్ అని మాత్రం అనకండి.