‘చివరి పొడిగింపు’ ఎన్నోసారి?

ఇదే చివరిసారి అని 2025 మే నెలాఖరులో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గట్టిగా చెప్పింది. టర్కిష్ ఎయిర్‌లైన్స్ నుంచి ఇండిగో తెచ్చుకున్న బోయింగ్ 777 విమానాల లీజుకు మూడు నెలల గడువు, ఆగస్టు 31తో సరి, మళ్లీ అడగొద్దు అంది. ఆగస్టు అయిపోకముందే ఇంకో ఆరు నెలలు ఇచ్చేసింది. చివరిసారి తర్వాత కూడా ఒకసారి ఉంటుందని ఆ రోజు దేశానికి తెలిసింది. పైలట్లకు ముందే తెలుసు.

అప్పుడు గొడవంతా టర్కీ అన్న పేరు మీదే నడిచింది. పాకిస్థాన్‌కు వత్తాసు పలికిన దేశం విమానాలు మనకెందుకని టీవీల్లో గొంతులు చించుకున్నారు. లీజు అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. పైలట్ల భయం దేశం పేరు గురించి ఒక్కటే కాదు. టికెట్ ఒక కంపెనీ అమ్మి, విమానం నడిపే పని ఇంకొకరికి అప్పజెబితే రేపు మా ఉద్యోగాల సంగతేమిటి, ప్రయాణికుడి సంగతేమిటి అన్నది వాళ్ల ప్రశ్న. ఇవాళ విదేశీ కంపెనీ. రేపు స్వదేశంలోనే తక్కువ జీతాలిచ్చే ఒక ప్రాంతీయ కంపెనీ.

పని మొత్తం ఇలా బయటికి ఇవ్వడాన్ని వెట్ లీజు అంటారు. కోతల కాలంలో వరికోత మిషను డ్రైవరుతో సహా మన చేలో దిగినట్టు, విమానం తన పైలట్లతో, సిబ్బందితో, మెయింటెనెన్స్‌తో సహా వస్తుంది. పైలట్లు వాళ్లవాళ్లై, క్యాబిన్‌లో మనవాళ్లుంటే డ్యాంప్ లీజు; ఇండిగో టర్కిష్ విమానాలది ఈ రకమే. తడి లీజు, చెమ్మ లీజు అన్నమాట. పేర్లు వింటే నారుమడి గుర్తొస్తుంది గానీ వ్యవహారం అంత పచ్చగా లేదు.

కంపెనీల వాదన ఉండనే ఉంది. ఎయిర్‌బస్, బోయింగ్ డెలివరీలు ఆలస్యమవుతున్నాయి, ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల తంటాతో ఉన్న విమానాలు కూడా నేల మీదే నిలిచిపోయాయి, చిన్న ఊళ్లకు పెద్ద విమానం గిట్టదు అంటారు. కావచ్చు. విమానాల కొరతకు తెచ్చిన ఏర్పాటు రేపు జీతాల ఖర్చు తగ్గించుకునే అలవాటు కాదని హామీ ఎవరిస్తారు?

ఈ దారిలో అమెరికా మనకంటే ముందే నడిచింది. అక్కడి పెద్ద కంపెనీల పైలట్లు తమ కాంట్రాక్టులో ‘స్కోప్ క్లాజ్’ అని ఒక గట్టు కట్టుకున్నారు: ఇన్ని సీట్లకు మించిన విమానాన్ని బయటి ప్రాంతీయ కంపెనీకి ఇవ్వకూడదని. మొదట ఆ గీత 50 సీట్ల దగ్గర. కంపెనీలు కష్టాల్లో ఉన్నాయి, ఈ ఒక్కసారికి సర్దుకోండి అన్నారు. 70 అయింది. మళ్లీ సర్దుకున్నారు, 76 అయింది. ఒక దశలో అక్కడి దేశీయ సర్వీసుల్లో దాదాపు సగం ప్రాంతీయ కంపెనీల చేతుల్లోకి వెళ్లాయి. వదులుకున్న సీట్లను వెనక్కి తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆ పైలట్లనే అడగాలి.

2009 ఫిబ్రవరి 12 రాత్రి నెవార్క్ నుంచి బఫలో బయల్దేరిన విమానం మీద కాంటినెంటల్ అనే పెద్ద కంపెనీ పేరుంది. టికెట్ మీదా ఆ పేరే. నడిపింది మాత్రం కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ కంపెనీ. విమానం ఒక ఇంటి మీద కూలి, నేల మీదున్న ఒకరితో కలిపి 50 మంది పోయారు. కెప్టెన్ పొరపాటే కారణమని దర్యాప్తు తేల్చింది. అదే దర్యాప్తులో ఇంకో సంగతి బయటపడింది. కో పైలట్ అంతకుముందు రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణించి నెవార్క్ చేరింది. డ్యూటీకి ముందు సిబ్బంది గదిలోనే నడుం వాల్చింది. ఉద్యోగం చేసే ఊళ్లో గది తీసుకునే జీతం కాదు ఆమెది. చనిపోయినవాళ్ల కుటుంబాలు వాషింగ్టన్ మెట్లెక్కి పోరాడితే 2010లో చట్టం వచ్చింది. ఏ కంపెనీ విమానం నడుపుతుందో టికెట్ అమ్మేటప్పుడే వెబ్‌సైట్‌లో ముందుగా చూపాలన్నారు. కో పైలట్‌కు 1,500 గంటల అనుభవం ఉండాలన్నారు. మన దగ్గర కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు చాలు.

ఆ పారదర్శకత మన రాజమహేంద్రవరం కోటిపల్లి బస్టాండులో ఎప్పటినుంచో ఉంది. నంబర్ ప్లేటు మీద జడ్ అక్షరం ఉంటే ఆర్టీసీ సొంత బస్సు, లేకపోతే అద్దె బస్సు. అద్దె బస్సులో కండక్టరు ఆర్టీసీ మనిషి, డ్రైవరు ఓనరు మనిషి. అమలాపురం వెళ్లే ముసలమ్మకు కూడా ఆ తేడా తెలుసు. ఇష్టమైతే ఎక్కుతుంది, లేకపోతే తర్వాతి బస్సుకు ఆగుతుంది. వేలు పోసి విమానం టికెట్ కొనేవాడికి ఆ తేడా కనిపెట్టాలంటే భూతద్దం కావాలి. మధురపూడిలో, అంటే రాజమహేంద్రవరం విమానాశ్రయంలో ఎక్కి, హైదరాబాద్‌లో మారి కువైట్ పోయే రాజోలు అమ్మాయి ఫోనులో టికెట్ తెరిచి చూస్తే పైన పెద్ద కంపెనీ రంగులే కనబడతాయి. ‘నడిపేది ఫలానా’ అన్న ముక్క ఎక్కడో అడుగున చీమతలంత అక్షరాల్లో, అదీ ఇంగ్లిష్‌లో.

ఇదంతా ఢిల్లీ, ముంబైల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకు ఒక మాట. మధురపూడి రన్‌వేను 3,165 మీటర్లకు పెంచడానికి చుట్టుపక్కల రైతులు భూములిచ్చారు. 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీ సర్వీసులు మొదలై ఎయిర్‌బస్ దిగితే జిల్లా అంతా సంబరపడింది. పని బయటికి ఇవ్వడం అలవాటైతే ఆ ప్రయోగం ముంబై మీద మొదలుపెట్టరు. రాజమహేంద్రవరం లాంటి ఊళ్ల మీదే మొదలుపెడతారు. బఫలో అలాంటి ఊరే.

వరదల్లో ఏటిగట్టు మీద రాత్రంతా టార్చిలైటుతో తిరిగే లస్కర్ గట్టు పైనుంచి పొర్లే నీటి కోసం చూడడు. అవతలి వాలులో, గడ్డి మొదళ్ల దగ్గర బుడబుడమని ఊరే నీళ్ల కోసం వంగి వెతుకుతాడు. ఎలుక బొరియ చాలు, తెల్లారేసరికి అది గండి. డీజీసీఏ ఇచ్చే ప్రతి ‘ఈ ఒక్కసారికే’ అలాంటి బొరియే. అక్కడ ఇసుక బస్తా వేయాల్సినవాళ్లే బొరియను పెద్దది చేస్తున్నారు.

పైలట్ల విశ్రాంతి విషయంలో జరిగింది మాత్రం వేరా? వారానికి 48 గంటల విశ్రాంతి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు కుదింపు. ఈ రూల్సు 2024 జనవరిలోనే ప్రకటించారు. ఇండిగో చేతిలో దాదాపు రెండేళ్లున్నాయి. 2025 నవంబరులో పూర్తి అమలు మొదలైంది, డిసెంబరు తొలి వారంలో వేల సర్వీసులు రద్దయ్యాయి. జనం విమానాశ్రయాల్లో నేల మీద పడుకున్నారు. తప్పు చేసిన కంపెనీకి దొరికిందేమిటి? 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు. ఈ ఒక్కసారికే అట.

అదే పైలట్ ఉద్యోగం మానాలంటే? కో పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలని 2017లో ఇదే డీజీసీఏ రూలు పెట్టింది. కోనసీమలో కొబ్బరితోట అమ్మి కొడుకుని పైలట్ చేసిన తండ్రికి ఈ లెక్క బాగా తెలుసు. కొడుకు కంపెనీ మారాలంటే ఏడాది ఆగాలి. కంపెనీ వాడి పని బయటివాడికి ఇవ్వాలంటే ఒక ఫైలు, ఒక సంతకం. ఆ ఏడాది రూలుకు ‘ఈ ఒక్కసారికే’ అని మినహాయింపు పొందిన పైలట్ ఒక్కడుంటే చూపించండి.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ మొదలైనప్పుడు విమానయాన మంత్రి అశోక్ గజపతిరాజు. ఇప్పుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఇద్దరూ మనవాళ్లే, ఏటిగట్ల కష్టం తెలిసిన రాష్ట్రం నుంచి వెళ్లినవాళ్లే. కొత్త సర్వీసులకు జెండా ఊపుతూ ఫొటోలు దిగడంలో ఉన్న ఉత్సాహం లీజు ఫైలు చదవడంలో కూడా ఉండాలి. పని బయటికి ఇవ్వడానికి సీట్ల పరిమితి, ఏళ్ల పరిమితి చట్టంలో రాయండి. విమానం ఎవరు నడుపుతారో టికెట్ మీద కంపెనీ పేరంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా వేయించండి. ఆర్టీసీ నంబర్ ప్లేటు మీద ఒక్క అక్షరంతో చేసిన పని మీ మంత్రిత్వ శాఖకు చేతకాదంటే ఆ మాటే చెప్పండి. ‘చివరిసారి’ అని మాత్రం ఇంకోసారి చెప్పకండి.