గర్భసంచి తీశారు సరే, ఎముకల సంగతి ఎవరు చూడాలి?

15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకైతే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం దాటారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఈ ఆపరేషన్లలో అనవసరమైనవి ఎన్నన్న గొడవ 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆపరేషన్ అయిపోయినవాళ్ల ఎముకల మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

ఎముక చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ లోపల ఎప్పుడూ మరమ్మతు నడుస్తూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్ట్ కణాలు పాత ఎముకను తవ్వేస్తాయి, ఆస్టియోబ్లాస్ట్ కణాలు ఆ గుంత పూడుస్తాయి. తవ్వకం రెండు మూడు వారాల్లో అయిపోతుంది, పూడ్చడానికి నెలలు పడుతుంది. తవ్వేవాటిని అదుపులో పెట్టేది అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్. అది పడిపోయిందంటే ఒకేసారి ఎక్కువ చోట్ల తవ్వకం మొదలై, పూడిక వెనకబడుతుంది. ముట్లుడిగిన తర్వాత మొదటి ఐదారేళ్లు ఎముక వేగంగా తరగడానికి కారణం ఇదే.

యాభై దగ్గర జరగాల్సిన ఈ నష్టం, ముప్పై అయిదేళ్లకు గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే, అప్పుడే మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందే పనిమానేస్తాయి.

ఆ తర్వాత జరిగేది మనకు తెలిసిందే. నడుం నొప్పి అంటే కాల్షియం మాత్రలు రాస్తారు. రక్తపరీక్షలో కాల్షియం నార్మల్ వస్తే ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ రక్తంలో కాల్షియం తగ్గబోతే పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకలోంచి లాగి మరీ సరిచేస్తుంది. ఎముక గుల్లవుతున్నా రిపోర్టు బాగానే ఉంటుంది. అసలు విషయం తేలేది ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లోనే. ఈలోగా ఒకరోజు నీళ్ల బిందె ఎత్తుతుంటే వెన్నుపూస నలుగుతుంది. పట్టేసిందనుకుని జండూబామ్ రాసుకుంటారు.

పోయిన ఈస్ట్రోజెన్‌ను భర్తీ చేసే హార్మోన్ మాత్రలంటే డాక్టర్లకూ జంకే. 2002లో అమెరికాలో ఈ మాత్రల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం రొమ్ము క్యాన్సర్, పక్షవాతం ముప్పు చూపించి ఆగిపోయినప్పటి నుంచీ ఉన్న భయం అది. అయితే అందులో ఉన్నవాళ్లు 50-79 ఏళ్ల మహిళలు. ఆ భయాన్ని ముప్పై అయిదేళ్లకే అండాశయాలు పోయిన మనిషికి అంటగట్టడం నా దృష్టిలో అన్యాయం. రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వరకూ ఈస్ట్రోజెన్ ఇవ్వమనే వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ముందు చేయాల్సింది చిన్న పని. డిశ్చార్జి కాగితం మీద అండాశయాలు ఉంచారో తీసేశారో తెలుగులో రాసివ్వాలి. చాలామంది ఆడవాళ్లకు ‘అంతా తీసేశారు’ అన్నంత వరకే తెలుసు. తీసేసినవాళ్లకు డెక్సా స్కాన్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చి, జిల్లా ఆస్పత్రుల్లోనే తీసే ఏర్పాటు ఉండాలి. ఆపరేషన్‌కు డబ్బు కట్టిన పథకమే దాని తర్వాతి ఖర్చూ భరించాలి.